కొలువు పెట్టెలో పింగాణి బొమ్మలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అటక మీద ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. తరానికి కొన్ని బొమ్మలు చేరతాయి, కొన్ని విరుగుతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ పెట్టెలోని పింగాణి బొమ్మల గురించే. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

మా అత్తగారి పెట్టెలో నలభై దాకా బొమ్మలున్నాయి. ఆవిడ అన్నిటినీ ‘పింగాణి’ అనేవారు. నిజంగా ఏది పింగాణి, ఏది కాదు? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

అది తేలేదాకా దేన్నీ నీళ్లలో ముంచకండి. ఇలాంటి పెట్టెల్లో మామూలుగా నాలుగు రకాలు కలగలిసి ఉంటాయి: పింగాణి, మెరుగు (గాజులాంటి నున్నని పూత) పూసిన మట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఈమధ్య వచ్చిన రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం). దూరం నుంచి చూస్తే అన్నీ అక్కచెల్లెళ్లే.

బొమ్మను తిరగేయండి. అడుగున మెరుగు లేని గరుకు అంచు కనిపిస్తుంది. కొలిమిలో కింది పలకకు అతుక్కుపోకుండా అక్కడ మెరుగు తుడిచేస్తారు. ఆ అంచు మీద ఇయర్ బడ్‌తో ఒక్క నీటి చుక్క పెట్టండి. చుక్క నిలబడితే పింగాణి అనుకోవచ్చు. చూస్తుండగానే ఇంకిపోతే మట్టో ప్లాస్టరో. పింగాణిని తెల్ల చైనా మట్టి, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం, పలుగురాయి పొడి కలిపి 1300 నుంచి 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. ఆ వేడికి ఫెల్డ్‌స్పార్ కరిగి సందులన్నీ గాజులా పూడ్చేస్తుంది, నీటికి దారుండదు. మామూలు మట్టి బొమ్మ అంత వేడి చూడదు.

చుక్క ఇంకిందా, అడుగున కనపడని చోట గోటితో గీరండి. తెల్ల పొడి రాలితే ప్లాస్టర్. ఇంకలేదు గానీ చెంపకు ఆనిస్తే చల్లగా లేదంటే రెజిన్. పింగాణి వేసవిలోనూ చెంపకు చల్లగా తగులుతుంది. చీర అంచు, పువ్వు రేకు లాంటి పల్చని చోట వెనక మొబైల్ టార్చి పెడితే మంచి పింగాణిలోంచి వెలుతురు పాలలా తెలుస్తుంది.

గోటితో మీటితే ‘ఖంగు’మనాలని చాలామంది అంటారు. గిన్నె, పళ్లెం విషయంలో అది నిజమే. బొమ్మ లోపల బోలు, అడుగు మూసి ఉంటుంది కాబట్టి మంచి బొమ్మ కూడా ‘టక్కు’మనొచ్చు. ఆ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి.

వెన్నముద్ద కృష్ణుడి అడుగున ‘మేడ్ ఇన్ జర్మనీ’ అని ఉంది. మన దేవుడు జర్మనీలో ఎలా తయారయ్యాడు? ఏ కాలం నాటిది? (హైదరాబాద్)

అమ్మకం కోసం. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో జర్మనీ కార్ఖానాలు మన దేశపు బజారు కోసమే కృష్ణుణ్ణి, లక్ష్మిని, సరస్వతిని పోతపోసి పంపాయి. చాలావాటిలో రవివర్మ ముద్రణ చిత్రాల పోలిక కనిపిస్తుంది. 1894లో మొదలైన ఆయన ప్రెస్సు దేవుళ్ల రూపాలను ఇంటింటికీ చేర్చింది, పరదేశపు అచ్చులవాళ్లకు అవే నమూనాలయ్యాయి. తర్వాత జపాన్ బొమ్మలూ వచ్చాయి. ముఖాన్ని దగ్గరగా చూడండి. కనుబొమలు సన్నగా పొడవుగా, బుగ్గల మీద గులాబీ రంగు అద్ది, కృష్ణుడు కాస్త దొరబిడ్డలా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

కాలం తేల్చడానికి ముద్రలోని దేశం పేరే మొదటి ఆధారం. బ్రిటన్ 1887లో చేసిన సరుకుల ముద్రల చట్టం వల్ల ‘మేడ్ ఇన్ జర్మనీ’ అనే మాట వాడుకలోకి వచ్చింది. కాబట్టి ఆ మాట ఉన్న బొమ్మ అంతకు ముందుది కాదు. ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే 1949 నుంచి 1990 లోపు. ‘నిప్పన్’ అని ఉంటే 1891 నుంచి 1921 మధ్య అమెరికాకు వెళ్లిన జపాన్ సరుకు కావచ్చు. ‘మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్’ అని ఉంటే 1947 నుంచి 1952 వరకు, ఇంత కచ్చితంగా కాలం చెప్పే ముద్రలు తక్కువ. అమెరికాలో ఉండే మనవాళ్లకు పాత సామాన్ల అంగళ్లలో ఇవి దొరుకుతుంటాయి.

ఇక ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉన్న రెండు నీలంరంగు కత్తుల ముద్ర. అది డ్రెస్డెన్ దగ్గరి మైసెన్ కార్ఖానాది. 1710లో మొదలైన ఈ కార్ఖానాతోనే యూరప్‌లో అసలైన గట్టి పింగాణి తయారీ మొదలైంది. 1731లో చేరిన శిల్పి కాండ్లర్ చేతిలో పింగాణి బొమ్మ ఒక కళ అయింది. కానీ ప్రపంచంలో ఎక్కువగా దొంగిలించిన ముద్రల్లో ఇదొకటి. ముద్రను నమ్మి ధర కట్టకండి, వేళ్లు, జుట్టు, బట్ట మడతల పనితనం చూడండి. కన్ను అలవాటు పడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణి ఉన్న గదుల్లో రెండు గంటలు గడపండి. పుస్తకాలకంటే అదే మేలు.

ఏటా బొట్టు పెట్టడం వల్ల బొమ్మల నుదుట పసుపు మరక నిలిచిపోయింది. సబ్బుతో కడిగితే ఎర్రగా మారింది! దీపం పొగకు కొన్ని నల్లబడ్డాయి. చింతపండుతో తోమవచ్చా? (రాజమహేంద్రవరం)

చింతపండు ఇత్తడికి, పింగాణికి కాదు. మెరుగు మీద వేసిన రంగులను 700, 800 డిగ్రీల దగ్గర రెండోసారి కాల్చి అతికిస్తారు. ఆ పాత రంగుల్లో సీసం ఉంటుంది, పులుపుకు అవి వెలసిపోతాయి. నిమ్మకాయ, వెనిగర్ కూడా అంతే. గిన్నెలు తోమే పొడులు బంగారు గీతను ఒక్క రుద్దుకే ఎత్తేస్తాయి. బ్లీచింగ్ పనికిరాదు: నెర్రెల్లోకి దిగిన ద్రావణం ఆరినప్పుడు లోపల ఉప్పు స్ఫటికాలు కట్టి మెరుగును పెచ్చులుగా లేపుతుంది. కుంకుడు రసం రంగు కూడా నెర్రెల్లో నిలుస్తుంది.

ఎర్రబడ్డం చూసి భయపడకండి. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, సబ్బు క్షారం. పసుపు, సున్నం కలిపి కుంకుమ చేసేదీ ఈ గుణంతోనే. మంచి నీళ్లతో తుడిస్తే మళ్లీ పచ్చబడుతుంది. ఆ రంగు నీటిలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది, ఎండకు వెలుస్తుంది. కాబట్టి వరస ఇది.

మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో ఇయర్ బడ్ తడిపి, ముందు అడుగున ఉన్న రంగు మీద ఒకసారి ఆనించండి. బడ్‌కు రంగు అంటిందంటే ఆ బొమ్మకు కాల్చని రంగులు వేశారన్నమాట, అక్కడితో ఆపేయండి. అంటకపోతే మరక మీద బడ్‌ను అద్ది ఎత్తండి, రుద్దొద్దు. రెండు మూడు అద్దులకో కొత్త బడ్ తీసుకోండి, లేకపోతే ఎత్తిన రంగును మీరే పక్కకు పూస్తారు. మిగిలిన లేత పచ్చదనానికి కిటికీ దగ్గర నాలుగైదు రోజుల ఎండ చాలు. మెరుగు లేని, పాలరాయిలా కనిపించే బిస్కు పింగాణిలో మరక లోతుగా దిగుతుంది. అక్కడ 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో తడిపిన దూదిని మరక మీదే ఉంచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, గంటకోసారి చూసుకోవాలి. బంగారు పూత దగ్గర మాత్రం వద్దు.

కుంకుమలో కృత్రిమ రంగు ఉంటే ఇవేవీ పూర్తిగా పనిచేయవు. ఇకమీదట బొట్టును బొమ్మ ముందు పెట్టిన తమలపాకు మీద పెట్టండి. ఏ అమ్మవారూ అలగదు.

పొగ మసి జిడ్డుగా ఉంటుంది. తడిగుడ్డ వేస్తే మొహమంతా పులుముకుంటుంది. ముందు పొడిగా, మెత్తని వాటర్‌కలర్ కుంచెతో పైనుంచి కిందికి దులపండి. తర్వాత ప్లాస్టిక్ టబ్బు అడుగున మడతపెట్టిన తువాలు పరిచి, లీటరు గోరువెచ్చని నీటికి గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, బొమ్మను ఎడమ చేత్తో పట్టుకుని కుంచెతోనే కడగండి. సింకులో వద్దు, కుళాయి మూతికి తగిలే చెయ్యి విరిగిపోతుంది. చల్లటి బొమ్మ మీద వేడినీళ్లు పోస్తే నెర్రె విచ్చుతుంది. బోరు నీళ్లు తెల్లటి పొర కడతాయి, ఆఖరి కడుగు ఫిల్టరు నీటితో కానివ్వండి.

ఒక సంగతి చాలామంది మరిచిపోతారు. బోలు బొమ్మకు అడుగునో వీపునో చిన్న బెజ్జం ఉంటుంది, కాల్చేటప్పుడు గాలి పోవడానికి. ముంచితే అందులోంచి నీళ్లు లోపలికి వెళ్లి వారాల తరబడి ఉంటాయి, పెట్టెలో బూజుకు అదే మూలం. ముంచకండి. వెళ్లాయనుకుంటే బెజ్జం కిందికి వచ్చేట్టు తువాలు మీద రెండు రోజులు ఉంచండి.

ఒక హెచ్చరిక: ఈ స్పిరిట్ పని పింగాణికే. ఏటికొప్పాక బొమ్మలకు వేసేది లక్క, స్పిరిట్‌లో అది కరిగిపోతుంది.

సరస్వతి బొమ్మ వీణ పట్టుకున్న చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఫెవిక్విక్ వేయబోతే మా వారు ఆపారు. ఎవరు రైటు? (విజయనగరం)

మీ వారే. క్షణంలో పట్టేసే జిగురు మీకు సరిచేసుకునే వ్యవధి ఇవ్వదు. వెంట్రుకవాసి పక్కకు పడితే అలాగే బిగుసుకుంటుంది, వీణ తీగ అక్కడే వంకరపోతుంది. పైగా పెళుసు. చిన్న తాకిడికే అతుకు మళ్లీ విడిపోతుంది, ఈసారి అంచు పెచ్చు కూడా వెంట తీసుకుపోతుంది.

ముందు నేల మీద తెల్ల గుడ్డ పరిచి ఇసుకరేణువంత ముక్కతో సహా ఏరి డబ్బాలో వేయండి. ముక్కలను పదేపదే ఆనించి చూడకండి, ప్రతిసారీ అంచులు నలుగుతాయి. విరిగిన ముఖాలను అసిటోన్‌లో తడిపిన బడ్‌తో తుడవండి. గోళ్ల రంగు తీసే మందులో నూనె, సెంటు కలుపుతారు, అది వద్దు, ఉత్త అసిటోనే కావాలి. రంగు వేసిన చోటుకు తగలనీయకండి.

అరల్డైట్ లాంటి రెండు ట్యూబుల ఎపాక్సీలో నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకోండి. రెండూ సమపాళ్లలో తీసి రెండు నిమిషాలు బాగా కలపండి. కొలత తప్పితే ఎన్ని రోజులైనా బంకగానే ఉంటుంది, ఈ పనిలో పాడయ్యే అతుకుల్లో సగం ఇలాగే పాడవుతాయి. మణికట్టుకు అగ్గిపుల్ల తలంత చాలు. ఒక ముఖానికే, మధ్యలో, అంచు నుంచి మిల్లీమీటరు వదిలి గుండుసూదితో పూయండి. నొక్కితే అదే పాకుతుంది. గోటిని అతుకు మీద అడ్డంగా జరపండి. మెట్టులా తగిలితే ఇంకా సరిగా కూర్చోలేదు. కుదిరాక సెల్లోటేపు సన్నని పట్టీలు లాగి బిగించండి, బంగారు గీత మీద మాత్రం అంటించొద్దు.

ఆ తర్వాతే అసలు చిట్కా. గిన్నె నిండా ఇసుక పోసి పైన ప్లాస్టిక్ కాగితం పరవండి. అతుకు మీద చేతి బరువు నిట్టనిలువుగా పడేలా బొమ్మను అందులో వాల్చండి. చెయ్యి వేలాడుతూ ఉంటే జిగురు గట్టిపడేలోపు జారుతుంది. పొంగిన జిగురు తడిగా ఉండగానే స్పిరిట్ బడ్‌తో తుడిచేయండి. 24 గంటలు కదపొద్దు.

ఎపాక్సీ కొన్నేళ్లకు పచ్చబడుతుంది, ఎంత పల్చగా పూస్తే అంత మేలు. మూడు నాలుగు ముక్కలయితే జిగురు లేకుండా టేపుతో మొత్తం కట్టి చూసి, ఏది ముందో ఏది తర్వాతో కాగితం మీద రాసుకోండి. లేకపోతే ఆఖరి ముక్కకు చోటు మూసుకుపోతుంది. అతుకు మీద రంగు వేసి దాచే పని చేయకండి. ఆ రంగు బొమ్మ కంటే ముందు పాతబడుతుంది.

అన్నట్టు, పాత బొమ్మ కొనేటప్పుడు నోట్లు చూసే నీలి దీపం చీకట్లో వేసి చూడండి. పాత జిగురు, పైపూత రంగు చుట్టుపక్కల కంటే వేరుగా మెరుస్తాయి.

విరిగిన దేవుడి బొమ్మ కొలువులో పెట్టొచ్చా అని మరొకరు అడిగారు. భిన్నమైన విగ్రహాన్ని పూజకు వాడకపోవడం ఆచారం. కొలువు మెట్టు మీది బొమ్మ సంగతి మీ ఇంటి పద్ధతే.

మెట్ల మీద బొమ్మలు వాటంతట అవే ముందుకు జరుగుతున్నాయి. నిరుడు ఒకటి పడింది. (ఒంగోలు)

మనుషులు నడిచినప్పుడల్లా చెక్క మెట్లు అదురుతాయి. పట్టుచీర నున్నగా ఉంటుంది, బొమ్మ అడుగుకు పట్టు దొరకదు. చీర కింద నూలు దుప్పటి పరిచి, మెట్టు వెనక గుండుసూదులతో బిగించండి. ఎత్తయిన బొమ్మల అడుగున శనగగింజంత మైక్రోక్రిస్టలైన్ మైనం (మరక పడకుండా తీసేయగల, మెత్తని అతుకుడు మైనం) మూడు చోట్ల పెట్టి మెల్లగా మెలితిప్పి అతికించండి. తీసేటప్పుడూ మెలితిప్పాలి, పైకి లాగకూడదు. ప్లాస్టిక్ నురగ మ్యాట్లు మన ఎండలకు బొమ్మకు అంటుకుపోతాయి. దీపం కింది మెట్టుకు కనీసం రెండు అడుగుల దూరంలో ఉండాలి.

ఆఖరి రోజు హారతిచ్చి ఒక బొమ్మను పడుకోబెడతారు కదా, దానికి చేతులు చాచిన పింగాణిని ఎంచుకోకండి. కొయ్య బొమ్మ హాయిగా పడుకుంటుంది.

అటక మీద పెట్టడానికి న్యూస్‌పేపరు చుట్టవచ్చా? పక్కనే కొండపల్లి బొమ్మలకు పురుగు పట్టింది. (ఖమ్మం)

పేపరు సిరా బిస్కు పింగాణికి అంటుకుంటుంది, కాగితాన్ని తినే పురుగులూ చేరతాయి. గంజి లేకుండా ఉతికిన పాత నూలు ధోవతి ముక్కలే మంచివి. బబుల్ ర్యాప్‌ను నేరుగా చుడితే అటక వేడికి రంగు మీద బుడగల అచ్చులు పడతాయి, మధ్యలో గుడ్డ ఉండాలి. బరువైనవి కింద, ఒక్కో పొరకూ మధ్య అట్టముక్క.

పురుగు పింగాణిని ఏమీ చేయదు గానీ కొండపల్లి బొమ్మలను వెంటనే వేరుచేయండి. తెల్ల పొణికి మెత్తని కొయ్య, అతుకులకు వాడే మక్కులో చింతగింజల జిగురు ఉంటుంది. పురుగుకు రెండూ విందే. బొమ్మను పాలిథిన్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు. ముందే విప్పితే గాలిలోని చెమ్మ చల్లటి బొమ్మ మీద నీరై రంగును పాడుచేస్తుంది.

అమ్మమ్మ బొమ్మల్లో నా వాటా డాలస్ తీసుకెళ్లాలి. సామానులో వేసేయొచ్చా? (ప్రస్తుతం గుంటూరులో ఉన్న పాఠకురాలు)

ముందు వయసు చూసుకోండి. 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువు పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు, ఇంటిదైనా సరే. నూరేళ్లకు అటూ ఇటూగా అనిపించేవాటికి భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోండి. ఎయిర్‌పోర్టులో వాదించి లాభం లేదు. టికెట్టు కొన్న వారం కాదు, చాలా ముందే మొదలుపెట్టండి.

చేతి సామానులోనే తీసుకెళ్లండి. చెయ్యికీ ఒంటికీ మధ్య సందులను మెత్తని టిష్యూతో నింపి, మొత్తాన్ని గుడ్డతో చుట్టి, బొమ్మకు సరిపడే డబ్బాలో పెట్టండి. ఆ డబ్బాకు అన్ని వైపులా అయిదు సెంటీమీటర్ల మెత్తదనం ఉండేలా మరో డబ్బాలో పెట్టండి. ఊపితే చప్పుడు రాకూడదు. చెక్క, లోహం బొమ్మలతో కలిపి కట్టొద్దు.

మేం ఇద్దరం అక్కచెల్లెళ్లం. దశావతారాల సెట్టు ఎవరికి? అయిదేసి పంచుకుందామా? (నెల్లూరు)

అయిదేసి వద్దు. అయిదు అవతారాలతో ఎవరింట్లోనూ దశావతారాలు ఉండవు. ఒక ఏడు అక్కకు, ఒక ఏడు చెల్లెలికి అన్న ఏర్పాటు కూడా మాకు నచ్చదు. బొమ్మలు ఎక్కువగా విరిగేది మెట్ల మీద కాదు, ప్రయాణంలో. ఏటా కొలువు పెట్టే ఇంటికి సెట్టు ఇచ్చేయండి. రెండో వారికి దానికి బదులుగా మిగతావాటిలో ముందుగా ఎన్నుకునే హక్కు ఇవ్వండి. పెళ్లికొడుకు–పెళ్లికూతురు, జంట ఏనుగులు లాంటివి ఒకటిగానే లెక్క. మొదటి ఎంపిక ఒకరిది, తర్వాతి రెండు రెండోవారివి, ఆపైన మళ్లీ రెండు మొదటివారివి. ఇలా తిప్పితే ముందు తీసుకున్నవారికి అన్యాయపు లాభం రాదు.

పంచుకునే ముందే ఒక నోటుబుక్కు పెట్టండి. బొమ్మకొక పేజీ: నంబరు, ఎత్తు, ముందు వైపు ఫొటో, అడుగు ముద్ర ఫొటో, ఎవరు ఎప్పుడు కొన్నారు, ఎక్కడ అతుకు ఉంది, ఏ జిగురు వాడారు. నంబరును మెరుగు లేని అడుగు అంచు మీద మెత్తని పెన్సిల్‌తో రాయండి. స్టిక్కరు వద్దు, పీకినప్పుడు బంగారాన్ని కూడా పీకుతుంది. ‘ఇది అమ్మమ్మ కాశీ నుంచి తెచ్చింది’ అన్న ముక్క రాసిన పేజీ ఉన్న బొమ్మను ఎవరూ తేలిగ్గా పారేయరు. పేజీ లేని బొమ్మ మూడో తరానికి పాత సామానే.

వీటికి డబ్బు విలువ ఉంటుందా? (విశాఖపట్నం)

అమ్మబోతే నిరాశే ఎక్కువ. జర్మనీలోని గోబెల్ కంపెనీ 1935 నుంచి చేసిన హమ్మెల్ పిల్లల బొమ్మలే ఉదాహరణ. ఒకప్పుడు ఎగబడి కొన్నారు, లెక్కలేనన్ని తయారయ్యాయి, దాచుకున్న తరం పెట్టెలన్నీ ఒకేసారి బయటికొచ్చాక ధరలు పడిపోయాయి. స్పెయిన్ కంపెనీ యాద్రో ఈమధ్య మన దేవుళ్ల బొమ్మలు చేస్తోంది, కొంటే ఇష్టపడి కొనండి, పెట్టుబడి అనుకుని కాదు.

మా ఎనిమిదేళ్ల పాప ఈ ఏడు బొమ్మలు తానే సర్దుతానంటోంది. ఇవ్వొచ్చా? (కడప)

ఇవ్వండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీయించండి. చేతులు కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, తడి చేతిలో పింగాణి సబ్బు బిళ్లే. కుర్చీ ఎక్కనివ్వకుండా నేల మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టండి. తల పట్టుకునో చెయ్యి పట్టుకునో ఎత్తకూడదు: ఒక అరచెయ్యి అడుగున, రెండోది నడుం దగ్గర. ఒకసారికి ఒక్క బొమ్మే. పై మెట్లు మీరు చూసుకోండి, కింది రెండు మెట్లు తనకు వదిలేయండి.